మంట ఎరగని డప్పు

ఆ జాతర పూట మీరేం చూశారు? ఉన్నదున్నట్టు చెప్పండి. ముసలాయన ఒకడు బడిపిల్ల డప్పును తగలబెట్టాడు, అంతేనా? అయితే మీరు సగమే చూశారు.

ఆ ముసలాయన పుట్టిందే డప్పుల వాడలో. ఆ రోజుల్లో డప్పు వాయించాలంటే ముందు గడ్డి మంట వేసి కాపాలి. తోలు బిగిసేదాకా చేతులకు పనిలేదు. నోళ్లకే పనంతా. తండ్రి నోటితో దరువు చెప్పేవాడు, కొడుకు తొడమీద కొట్టేవాడు. తప్పితే మంట చుట్టూ ఉన్నవాళ్లంతా ఏడిపించేవాళ్లు.

అలా వచ్చిందే ఆయన నడక దరువు. ఊరేగింపులో ఎవరైనా వెనకబడితే అది సన్నగిల్లి ఆగుతుంది. వాళ్లు వచ్చి కలిశాక మళ్లీ అందుకుంటుంది. అది తెలిసినవాళ్లలో ఆయనొక్కడే మిగిలాడు.

తర్వాత బడికి కొత్త డప్పులొచ్చాయి. తోలు కాదు, మెరిసే పొర. మంట అక్కర్లేదు. ఒక్కోదానికి చిన్న పెట్టె. అది పట్నంలోని పెద్ద పెట్టెతో మాట్లాడుతుంది. దెబ్బ కుదిరితే పచ్చదీపం, తప్పితే ఎర్రదీపం. డప్పు ముట్టుకుంటే మైల అన్న ఇళ్ల పిల్లలు కూడా నేర్చుకున్నారు. అది చూసి ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. అబద్ధమెందుకు?

కానీ మనవరాలికి నడక దరువు చెబితే ఎర్రదీపమే.

"నీది తప్పంట తాతా."

"ఎవరన్నరే?"

"పెట్టె."

"దానికి కాళ్లున్నయా?"

"లేవు."

"మరి నడకేం తెలుసే దానికి?"

పిల్ల పకపకా నవ్వింది. అంతలోనే మొహం ముడుచుకుంది. "ఎర్రదీపమొస్తే టీచరమ్మ జట్టులకెల్లి తీసేస్తది తాతా. నాకొద్దు."

ఇక దరువు తనతోనే పోతుందనుకున్నాడు ముసలాయన.

జాతర పొద్దున అలవాటుకొద్దీ మంట వేశాడు. అలవాటుకొద్దీ పిల్ల డప్పు తీసి సెగకు పట్టాడు. పొర ముడుచుకుపోయి గుప్పెడంత బొక్క పడింది.

"తాతా! ఏం పని చేసినవ్! నేనేం కొట్టాలె ఇప్పుడు?"

"వాయిద్యం చెడింది. రేపు కొత్తది వస్తుంది," అంది పెట్టె.

ముసలాయన తల ఎత్తలేదు. లోపలికెళ్లి తన తోలు డప్పు తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టాడు. చెమ్మకు అది మెత్తబడి ఉంది.

"కాగాలె. కూసో."

"ఎంతసేపు?"

"అది చెప్పేదాకా."

జట్టు పిల్లలు రమ్మని కేకేశారు. వెళ్లడానికి లేదు. తాత నోటితో దరువు చెప్పాడు. పిల్ల ఏడుస్తూనే తొడమీద కొట్టింది. తప్పితే "నీ చేతులకు నిద్రొచ్చిందా?" అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది దానికి.

ఊరేగింపులో పచ్చదీపాల జట్టు ముందు సాగింది. ఒక్క దెబ్బ తప్పలేదు. కాగిన డప్పుతో పిల్ల ఆఖరున నడక దరువు అందుకుంది. దాని వెనక ముసలాయన ఖాళీ చేతులతో నడిచాడు. మోకాళ్లు సహకరించక నలభై అడుగులు వెనకబడ్డాడు.

ముందు పిల్ల దరువు సన్నగిల్లింది. ఆగింది.

పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఇన్నేళ్లూ ఎందరికోసమో ఆగిన దరువు తనకోసం ఆగడం ఆయన వినడం అదే మొదలు. వచ్చి కలిశాడు. దరువు అందుకుంది.

అప్పటికి పచ్చదీపాలు మలుపు తిరిగిపోయాయి. ఇప్పుడు చెప్పండి, ఆ పూట మీరెవరి వెనక నడిచారు?