అడ్డుచెక్కకు పడ్డ దండ

ఈ కథ నాకు మొదట చెప్పింది విమానాలకు ఆయిలు పట్టే కాశింపీరా సాయిబు. తర్వాత చెప్పినవాళ్లంతా పాడుచేశారు. నేను ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఒక రాజ్యంలో గాలిరోగం వచ్చింది. జనం ప్రయాణాలు మానేశారు. రెండు వందల మందిని మోసే పెద్ద విమానం, నలుగురు వర్తకులను మోసే చిన్న విమానం మైదానంలో నిలబడిపోయాయి. కదలకుండా చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టారు.

రాజు చాటింపు వేయించాడు: "నలభై రోజుల్లో ఎగరనిదాన్ని కోసి బిందెలు చేయండి!"

చిన్న విమానం వణికిపోయింది. దాన్ని కడిగే ముసలివాడు మాత్రం రోజూ పొద్దున్నే చెక్క లాగేసి, భుజం ఆనించి, మూరెడు ముందుకు తోసి, మళ్లీ చెక్క పెట్టేవాడు.

"ఏం తాతా, రోజుకో మూరెడు చొప్పున కాశీకా?" అన్నాడు పెద్ద విమానం కాపలావాడు.

"ఒకే వైపు నిలబడితే చక్రం అణిగిపోద్దిరా. ఎగరాల్సిన రోజు దొర్లదు."

"కదలకపోతేనే క్షేమం" అని చెక్క కసిరింది.

నలభయ్యో రోజు రంపాలు వచ్చాయి. వాటి వెనకే ఒక దీవి నుంచి కబురొచ్చింది. పిల్లలకు ప్రాణం మీదికొచ్చింది, సాయంత్రంలోగా మందు కావాలి.

"రెండు వందల మంది లేనిదే నేను లేవను" అంది పెద్ద విమానం. లేద్దామన్నా దాని చక్రాలు అరిసెల్లా అణిగి ఉన్నాయి.

"నాకు మందుపెట్టె, నడిపేవాడు చాలు!" అని చిన్నది అరిచింది.

ముసలివాడు చెక్క లాగాడు. చక్రం దొర్లింది! పరుగెత్తింది! రంపాలవాళ్లు కూడా పనిముట్లు పడేసి ఈలలు వేశారు. లేచింది!

పొద్దుగూకేలోగా తిరిగొచ్చింది. పిల్లలు బతికారు. వర్తకులు ఎగబడ్డారు.

"రేపు నాకు!"

"ఎల్లుండి మాకు! గుంపు కోసం ఇక ఎవడు కాచుక్కూర్చుంటాడు?"

"ఇలాంటివి ఇంకో పది చేయించండి!" అన్నాడు రాజు. "ఇన్నాళ్లూ దీన్ని కాపాడిందెవరు?"

రాజుగారి రాతలు రాసే రాయసగాడు వంగి చక్రం కింద చూశాడు. అక్కడ చెక్క ఉంది. దానికి దండ వేశారు. బండ మీద చెక్కించారు: "అడ్డుచెక్క అడ్డుపడి కాపాడింది."

మర్నాడు పొద్దున్నే ముసలివాడు దండ పక్కనపెట్టి, చెక్క లాగేసి, మూరెడు తోశాడు.

ఆ బండ ఇంకా అలాగే ఉందట. చదువొచ్చినవాళ్లెవరైనా అటు వెళితే ఆ రాత సరిచేయండి. "అడ్డుపడి" అన్నంత వరకు ఉంచండి. అది నిజమే.