మద్దమ్మ మూట విప్పించిన గనితల్లి వ్రతము

అక్షతలు చేతబట్టుకొని, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని వినుడు.

సువ్రతముని ఒకనాడు ధర్మశీల మహర్షిని జేరి, నేలనే నమ్మి బ్రతుకు ఊళ్లు ఆ నేల ఉండగానే ఏల చెడునని అడిగెను. మహర్షి ఇట్లు చెప్పెను.

నాపరాళ్లపాడను ఊర రాతిపేట, సేద్యపుపేట అని రెండు పేటలుండెను. రాతిపేటవారు గనిలో నాపరాయి తీసి బ్రతుకుచుండిరి. వారు తమంతట తామే రాజుకడకు పోయి, రాతితుక్కు చేలకు నీరిచ్చు వంకలో పోయుటకు సెలవు పొందిరి. వంక పూడెను, పైర్లెండెను. సేద్యపుపేటవారును అట్లే పోయి, వంకను మళ్లించుటకు సెలవు పొందిరి. ఆ నీరు గనిలో పడెను. పని నిలిచెను, పొయ్యి చల్లారెను.

రాతిపేట పుల్లన్న భార్య మద్దమ్మ వలసపోవుటకు పాతచీరలో మూట కట్టెను. కట్టెనే గాని, తన చేతులతో పరచుకొన్న బండలమీదినుండి కాలు కదలదాయెను. అప్పుడు గనితల్లి ముసలిరూపున వాకిట నిలిచి, "ఏమ్మే మద్దమ్మా, మూట బాగానే కట్టినావు. గనిని గూడా అందులో పెట్టినావా?" అనెను. మద్దమ్మ భోరున ఏడ్చెను. తల్లి కరుణించి, రెండు పేటలు ఒక్కచోట కూర్చుండి వ్రతము చేయవలెననియు, అందు ఎవరి కష్టము వారు చెప్పుకొనరాదనియు, పొరుగుపేట కష్టము చూచివచ్చి చెప్పవలెననియు ఆనతిచ్చి మాయమాయెను.

మద్దమ్మ బిడ్డను చంకనెత్తుకొని సేద్యపుపేటకు పోయెను. రైతు భార్య లింగమ్మ, "మా పైరు ఎండినప్పుడు రానిదానివి, ఇప్పుడు దోవ తెలిసిందా వదినా?" అని దెప్పెను. మద్దమ్మ చేనిలోకి దిగెను. బీటలో ఆమె కాలు ఇరుక్కొనెను. లింగమ్మయే పైకి లాగి, "సరేలే వదినా, నీ గని ఎంత మునిగిందో నేనూ చూస్తా పద" అనెను.

వ్రతమునాడు మద్దమ్మ చేని దప్పిక చెప్పెను, లింగమ్మ గని ఆకలి చెప్పెను. మగవారు తలలు వంచుకొనిరి. అందరును కలిసి రాజుకడకు పోయి, రాతితుక్కుతోనే వంకకు కట్ట కట్టుటకును, గనినీరు చేలకు తోడుటకును సెలవడిగిరి. రాజు సంతసించి, ఇకమీదట రెండు పేటలవారు తనతో కూర్చుండి ఒప్పుకొననిదే ఆ ఊరికి ఏ కట్టడియు చేయనని మాటయిచ్చెను. గనినీరు దిగెను, చేలు పండెను. మద్దమ్మ మూట విప్పి, ఆ చీరనే వ్రతపీటపై పరచెను.

మరుయేట పుల్లన్న, మన కడుపు నిండెను గదా, వారి గోడు మనకేలనని వ్రతము మానిపించెను. సేద్యపుపేటవైపు కట్ట కారుచున్న సంగతి చెప్పువారు లేకపోయిరి. వానకు కట్ట తెగి గని మరల మునిగెను. పుల్లన్న సిగ్గుపడి, తానే ఆ పేట గడపగడపకు పోయి కష్టమడిగి, వ్రతము చేయించెను. రెండు పేటలు కలిసి మరల కట్టగా కట్ట నిలిచెను, గనినీరు దిగెను. నేటికిని ఆ ఊరివారు తమ ఊరిపేరు తలయెత్తి చెప్పుకొందురు.

గనిని, అడవిని, ఏటిని నమ్ముకొన్నవారును, పాలించువారును, చదువుకొని ఊరికి మేలు చేయదలచినవారును ఈ వ్రతము చేయవలెను. చేసినవారి ఊర పని నిలువదు, వలసపోయినవారు తిరిగివత్తురు.

అమ్మా, మద్దమ్మ మూటకు గుర్తుగా పీటమీది చీరకు పొద్దున వేసిన ముడి ఇక విప్పుడు. ప్రసాదము ముందు పొరుగుపేటకు ఇచ్చి, వారి మంచిచెడ్డలు అడిగి రండు. మనము తరువాత తిందము.