సింగన్న అచ్చులో పిట్ట

వెనకటికి మా రాజధానిలో అద్దకాల అంగడి ఒకటి ఉండేది. అచ్చులు చెక్కే మేమంతా మా బొమ్మల్ని అక్కడి గోడకు తగిలించేవాళ్లం. కొనేవాళ్లు ఏది కోరితే అది అప్పటికప్పుడు చీర మీద అద్ది ఇచ్చేవారు. వెయ్యి బొమ్మల మధ్య నాది ఎవరి కంటికీ ఆనలేదు. ఏడాదిలో దాని గురించి అడిగింది మా ఆవిడ ఒక్కతే, ఆ అచ్చును పొయ్యిలో పెట్టనా అని.

ఒకనాడు అంగడి అధికారి ముమ్మడయ్య నా బొమ్మను పీకేశాడు.

"సింగన్నా, రాజుగారి జెండా మీది నెమలిని దొంగిలించావు. నీకిక ఇక్కడ చోటు లేదు."

"చిత్తం దొరా. రాజుగారి నెమలి అచ్చం ఇలాగే ఉంటుందని రాసి ముద్ర వేసివ్వండి. ఆయనకు చూపించి క్షమాపణ అడుగుతాను."

ముమ్మడయ్య బొమ్మను మళ్లీ చూశాడు. బాతు మెడ, కోడి కాళ్లు, చీపురుకట్ట తోక. తన మెడ తడుముకున్నాడు.

"ఇది అసలు నెమలే కాదు."

"అదే రాసివ్వండి దొరా."

ఆయన ముద్ర వేసిచ్చిన ఆ కాగితాన్ని, మళ్లీ గోడకెక్కిన నా బొమ్మ పక్కనే తగిలించాను. మరి ఇదేం పిట్టో చూద్దామని జనం ఎగబడ్డారు, చీరలు అమ్ముడుపోయాయి.

నేను చెక్కింది మాత్రం నెమలినే. దాన్ని నెమలిగా పోల్చుకున్న రసికుడు లోకంలో ముమ్మడయ్య ఒక్కడే. ఆయన చేత కూడా కాదనిపించాను.