చేయూతమ్మ వెలసిన రేవు

పూర్వం, తుంగభద్ర మీద వంతెన అన్న మాటే ఎవరూ ఎరుగని కాలంలో, ఈ రేవును సుంకన్న అనే పుట్టివాడు నడుపుతూ ఉండేవాడు. తోలు కప్పిన ఆ గుండ్రని పుట్టిని వరదసుడులలో సైతం తొణకకుండా దాటించగల నేర్పరి అతడు. రేవుకు ఒకటే తెడ్డు ఉండాలనీ, అది ఎవరి చేత ఉంటే రేవు వారిదేననీ ఈ సీమలో కట్టుబాటు. దానిని ఏటేటా పసుపు కుంకుమలతో పూజించేవారు; తండ్రి తరువాత కొడుకు అందుకునేవాడు. అంతటి తెడ్డును సుంకన్న గవ్వలాటలో ఒడ్డి ఓడిపోయాడు. చెప్పడానికే సిగ్గుచేటు గాని, స్థలమహిమ చెప్పేవాడు సగం దాచి సగం చెప్పకూడదు గదా!

అంతకుమునుపు మానాలని అతడు ప్రయత్నించకపోలేదు. ఎద్దులు పోయిననాడు ఒకసారి, భార్య మారెక్క కాళ్ల కడియాలు పోయిననాడు మరొకసారి అమ్మవారి మీద ఒట్టు పెట్టుకున్నాడు. అయితే పోయిన ప్రతి వస్తువూ, ఇంకొక్క ఆటతో తిరిగి వస్తానని అతనికి ఆశ చూపేది. ఆశకు అంతులేదంటారు పెద్దలు. జూదరి ఆశకు సిగ్గు కూడా లేదు.

తెడ్డు పోయిన రోజే, శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, ఏరు ఎర్రగా పొంగి వస్తున్న వేళ, నిండు చూలాలైన మారెక్కకు నొప్పులు మొదలయ్యాయి. పొరుగింటి ఈరమ్మ రేవుకు పరుగెత్తుకొచ్చింది.

"సుంకన్నా, బిడ్డ అడ్డం తిరిగిందప్పా! ఆవలొడ్డు మంత్రసానిని బిరీన తోడుకొని రాకుంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు!" అని చెప్పి, మారెక్కను ఒంటరిగా విడువలేక వెంటనే వెనుదిరిగింది.

తెడ్డు గెలుచుకున్న బుడ్డప్ప రేవు పక్కనున్న నల్లబండ మీద ఇంకా ఆటలోనే ఉన్నాడు. సుంకన్న పోయి అతని కాళ్ల మీద పడ్డాడు.

"ఊరికే ఇస్తే ఆటకు మర్యాద యాడుంటాది? పుట్టిని ఒడ్డి కూచో. గెలిస్తే తీస్కపో" అన్నాడు బుడ్డప్ప.

వేరే దారి లేక సుంకన్న కూర్చున్నాడు. గవ్వలు విసిరాడు, దైవవశాన గెలిచాడు. తెడ్డు ఒడిలోకి వచ్చింది. మరుక్షణమే లేచి పరుగెత్తవలసినవాడు లేవలేదు. 'చెయ్యి తిరిగింది, ఇంకొక్కటి వేస్తే ఎద్దులు కూడా వస్తాయి' అని మనసు గొణిగింది. గుడిసెలో మారెక్క పెట్టిన కేక రేవుదాకా వినవచ్చింది. అయినా కుడిచేయి గవ్వలవైపే పోతూ ఉండటం అతడు కళ్లారా చూశాడు. ఎన్నిసార్లు ఓడినా కలగని భయం అతనికి గెలిచినప్పుడు కలిగింది. కావలసింది చేతికొచ్చాక కూడా తాను లేవలేడని తెలిసిపోయింది.

"నన్ను ల్యాపండ్రా! నా చేత కాల్యా!" అని బావురుమన్నాడు.

బండ చుట్టూ ఆడుతున్నవారిలో ఒక్కరూ కదలలేదు. ఆటలో కూర్చున్నవాణ్ణి తాకితే తాకినవాడి అదృష్టం కూడా పోతుందని జూదరుల నమ్మకం. ప్రాణం పోతున్నా ముట్టుకోరు. అప్పుడు ఆవలికి దాటడానికి రేవులో కాచుకుని ఉన్న ఒక ముసలామె మెల్లగా వచ్చి, అతని చేయి పట్టి లేపింది.

"లెయ్ నాయనా. అడిగినోనికి ఇయ్యకుంటే ఈ చెయ్యి నాకెందుకు?" అన్నది.

ఇద్దరూ పుట్టి ఎక్కారు. నడి ఏటిలో సుడి పట్టి లాగింది. తెడ్డు పట్టు తప్పుతూ ఉండగా ఆమె అతని చేతి మీద తన చేయి వేసి అదిమింది. ఎట్లా దాటాడో సుంకన్నకే తెలియదు. ఆవలొడ్డున మంత్రసానిని ఎక్కించుకుని చూస్తే ముసలామె లేదు. వానకూ అలలకూ పుట్టి అంతా తడిసి ముద్దయినా, ఆమె కూర్చున్న చోటు మాత్రం పొడిగా ఉంది. పొద్దు గుంకకముందే మారెక్క ఆడబిడ్డను కన్నది, ఇద్దరూ దక్కారు.

కథను ఇక్కడే ముగిస్తే వినేవారికి హాయి. కాని మరునాడే సుంకన్న చేయి మళ్లీ దురద పెట్టింది. హడలిపోయి ఆ బండ మీదికే వచ్చి కూర్చుని, దారిన పోయేవారిని తనను లేపమని వేడుకున్నాడు. మొదట నవ్వినవారే తరువాత చేయి అందించసాగారు. ఏళ్ల తరబడి అతడు అడుగుతూనే ఉన్నాడు, మళ్లీ గవ్వ మాత్రం ముట్టలేదు.

ఆ ముసలామెనే చేయూతమ్మగా కొలిచే ఈ రేవులో నేటికీ విగ్రహం లేదు. నల్లబండ మీద ఆమెదని చెప్పే అరచేతి గుర్తు ఒకటి ఉంది. జూదం మానదలచినవారు దాని పక్కన కూర్చుని, "నా చేత కావడం లేదు, లేపండి" అని పదిమందిలో అనాలి. వెంట వచ్చినవారు చేయి అందిస్తారు. తోడు లేనివారికి మారెక్క కూతురి సంతతికి చెందిన పూజారమ్మే చేయి ఇస్తుంది. ఆ మాట పెదవి దాటక పొద్దంతా బండ మీద కూర్చుండిపోయేవారు కూడా వస్తుంటారు. వారిని ఆమె లేపదు; వారు అడిగేదాకా పక్కనే కూర్చుని ఉంటుంది.