గవరయ్య మూలిగిన రోజు

కొండలింకా పసిబిడ్డలై పాకుతున్న కాలంలో, సముద్రం ఇంకా చెంబులో పట్టే కాలంలో, ఒక కోట ఉండేది. ఎంత ఎత్తు కోటంటే, కింద గుమ్మంలో ఎవరైనా తుమ్మితే పైనున్న రాజుగారు మర్నాడు ఉలిక్కిపడేవారు. అంత ఎత్తుకీ పల్లకీ మోసే బోయీల్లో గవరయ్య ఒకడు. వాడి పెళ్లాం నూకాలు. మనిషి చీపురుపుల్ల, గొంతు నగారా.

బోయీలకొక కట్టుబాటుంది. పైన కూర్చున్నవారి చెవిన బోయీ మూలుగు పడకూడదు. ముల్లు దిగినా మూలగకూడదు. తేలు కుట్టినా మూలగకూడదు. నడుం విరిగినా మూలగకూడదు. "ఓహొం ఓహొం" అనాలి, అంతే. బోయీల ఇళ్లలో పిల్లలు పుట్టగానే ఏడవకుండా "ఓహొం" అనేవారంటే నమ్మండి.

అలా మోసి మోసి గవరయ్య నడుం పడిపోయింది.

కోట పనిలో ఒళ్లు చెడినవాళ్లకి బతికినన్నాళ్లూ గాదెలోంచి బియ్యం కొలవాలని రాజుగారి ఆన. అయితే ముందుగా వైద్యులవారు చూడాలి, చూసింది తాటాకు మీద రాయాలి. చూశారు, రాశారు. ఆకు ఇంటికొచ్చింది. బియ్యం రాలేదు. వచ్చే పున్నమికి పల్లకీ ఎత్తమని మాత్రం కబురొచ్చింది.

ఈ నడుంతో పల్లకీ ఎత్తితే, మళ్లీ కోట దిగేది పాడె మీదే. ఆలోగా రాజుగారికి మనవి చేసుకోవచ్చు. అదీ ఒక్కసారే.

"పెద్దోళ్లు రాసినారు కదే," అన్నాడు గవరయ్య చాప మీంచి. "నేను బాగానే ఉన్నానేమో. నాకే తెలీడం లేదేమో."

"బాగుంటే లేచి ఆ చెంబందుకో మావా."

గవరయ్య చెంబు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నూకాలే లేచి అందించింది.

నూకాలుకి అక్షరం ముక్క రాదు. ఆకు పట్టుకుని కరణం ఇంటికెళ్లింది. కరణం ఆకు అడుగుకి చూసి, "నీ మొగుడికి బియ్యం అక్కర్లేదట, పోవే," అన్నాడు.

మళ్లీ వెళ్లింది. కరణం పైనుంచి కిందికి గడగడా చదివేశాడు. వడగళ్లవాన రేకుల మీద పడ్డట్టు పడింది, ఏమీ నిలవలేదు.

మూడోసారి వెళ్లింది. ఈసారి గుమ్మానికి అడ్డంగా కూలబడింది.

"బాబయ్యా, పల్లకీ ఎనక మోసేటోడికి దారి కనపడదు. ముందరోడు రాయి ఉంటే రాయనాలి, గొయ్యుంటే గొయ్యనాలి. అప్పుడే ఎనకోడు అడుగేస్తాడు. మీరు ముందు బోయీ, నేను ఎనక బోయీ. నేను ఊఁ అన్నదాకా రెండో ముక్క సదవకండి."

"నన్ను బోయీని చేశావటే!"

"పల్లకీ ఎత్తమన్లేదు కదయ్యా. సదవండి."

కరణం నవ్వాపుకుని చదివాడు. "తన కాళ్ల మీద నడిచి వచ్చెను."

"ఊఁ."

"వంగమనగా వంగెను."

"ఊఁ."

"వెన్ను నొక్కగా మూలగలేదు. కావున నొప్పి లేదు."

నూకాలు ఊఁ అనలేదు. లేచి నిలబడింది. వీధిలో కుక్క కూడా మొరగడం ఆపి ఆమె ఏమంటుందోనని చూసింది.

"ఆగండి బాబూ. మూలగలేదన్నది ఆయన ఇన్నది. నొప్పి లేదన్నది ఆయన అనుకున్నది. ఈ రెండూ ఒకటెలాగయ్యాయి?"

కరణం ఆకు వంక చూశాడు. మర్నాడు మనవి తానే రాసిపెట్టాడు.

తోటి బోయీలు గవరయ్యని మంచంతో సహా కోటకి మోసుకెళ్లారు. రాజుగారు గద్దె మీద, వైద్యులవారు పీట మీద. నూకాలు చేతులు కట్టుకుంది.

"వైద్యులవారు అబద్ధం రాయలేదు మారాజా. నడిచొచ్చాడు, నిజం. గుమ్మందాకా ఈళ్లే మోసినారు, పెద్దల ముందు మంచమెక్కి ఉండకూడదని అక్కడ దించినారు. వంగాడు, నిజం. లేవనెత్తింది నేను, అప్పటికి వైద్యులవారు భోజనానికెళ్లిపోయినారు. మూలగలేదు, అదీ నిజం. ఇన్నేళ్లుగా ఈడి భుజమెక్కి తిరిగినారు. ఒక్క మూలుగైనా ఇన్నారా మారాజా?"

రాజుగారు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తుంటే కాకులు వాలడానికి కూడా జంకాయి. "వినలేదు," అన్నారు చివరికి.

"మరి తమరు దూదిపింజా?"

సభంతా గుడ్లు తేలేసింది. తల పోతుందనుకున్నారు. రాజుగారు తన బొజ్జ వంక చూసుకున్నారు.

"మళ్లీ నొక్కి చూడమనండి బాబూ. కానీ కింద కూర్చుని నొక్కమనండి."

వైద్యులవారు మంచివారు. పీట దిగి, పట్టుపంచె మట్టిలో ఆనించి, గవరయ్య పక్కన కూర్చున్నారు. రాజుగారు కూడా మెల్లిగా గద్దె దిగారు. నూకాలు వంగి మొగుడి చెవిలో చెప్పింది.

"పైన ఎవరూ లేరు మావా. మూలుగు."

వైద్యులవారి వేలు వెన్నుకి ఆనిందో లేదో, గవరయ్య మూలిగాడు. ఎన్నేళ్లవి దాచుకున్నాడో అన్నీ మూలిగాడు. ఏనుగులు గొలుసులు తెంచుకున్నాయి. వంటశాలలో పాలు విరిగాయి. సముద్రం భయపడి ఒడ్డు నుంచి వెనక్కి జరిగింది, అదిగో, ఇప్పటికీ అక్కడే ఉంది. అది చూసి తక్కిన బోయీలూ మొదలుపెట్టారు, తమ వంతు.

అంతా అణిగాక వైద్యులవారు కళ్లు తుడుచుకుని గంటం అడిగారు. పాత ఆకు చించలేదు. "ఎత్తు మీద కూర్చుని చూచితిని, కనుక నాకు వినబడలేదు," అని దాని కిందే రాశారు.

గవరయ్యకి బియ్యం వచ్చింది. పున్నమి పల్లకీ తప్పింది. చాప మీదే అయినా, నచ్చినంత మూలుగుతూ బతికాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరికి ఆకు వచ్చినా నూకాలు వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని ఊఁ కొట్టేది. ఊఁ కొడుతూ కొడుతూనే ఒకనాడు కన్నుమూసింది.

కోట పోయింది, పల్లకీలూ పోయాయి. ఆ వైపు ఊళ్లలో మాత్రం ఈనాటికీ వైద్యుడు రోగి కంటే ఎత్తులో కూర్చోడు. ఇంటికి సర్కారు కాగితం వస్తే ఎవరూ ఒంటరిగా చదువుకోరు. ఒకరు పైనుంచి చదువుతారు, ఒకరు పక్కన కూర్చుని ఊఁ కొడతారు. ఏ ముక్క దగ్గరైనా ఊఁ ఆగిపోయిందంటే, చదివేవాళ్లు వేలు అక్కడే ఉంచి అంటారు: "ఇక్కడ నూకాలు లేచి నిలబడింది."