మొద్దును చూడని గుబురయ్య

అనగనగా ఒక అడవిలో, ఎండకంటే ముందే మంచు నిద్రలేచే కొండవాలున, గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒళ్లంతా బొచ్చే. అయినా చలంటే మహా భయం. ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. మనమూ చెప్పొద్దు, పాపం.

ఆ ఏడు అతని భార్య తేనమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్లకింకా సరిగా బొచ్చైనా రాలేదు. చలి ముదిరేలోగా గుహలోకి కట్టెలు చేరకపోతే ఆ పసివాళ్లు తట్టుకోలేరు. గాలికి పడిపోయిన తుమ్మచెట్టు ఒకటి వాగు పక్కనే ఉంది. ఇక కావలసింది పనిముట్టే.

పనిముట్లు చేసేది ముళ్లపంది ఈరన్న. అతని కొలిమి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా, కొట్టబోయే చెట్టులోంచి ఒక ముక్క తెచ్చి చూపించాలి. దాన్ని వాసన చూసి, గోటితో గీరి, అప్పుడు పనిముట్టు ఇస్తాడు.

గుబురయ్య చేతులూపుకుంటూ వెళ్లాడు. ముక్కేదని అడిగితే, లేని చొక్కాను పైకి మడిచి కండ చూపించాడు.

"కర్రను చూడటం దేనికి ఈరన్నా? ఈ చేతిని చూసి ఇవ్వు."

ఈరన్న రంపం చూపించాడు. పళ్లున్న రేకు నాకెందుకన్నాడు గుబురయ్య. రెండు పక్కలా బుగ్గల్లా ఉబ్బిన పొట్టి గొడ్డలి చూపించాడు. అది పిల్లలాటకు బాగుంటుందన్నాడు గుబురయ్య. చివరికి గోడకున్న పొడవాటి, పలుచటి, తళతళలాడే గొడ్డలిని తనే ఎంచుకుని భుజాన వేసుకున్నాడు. దారిలో నీటిగుంట కనిపిస్తే చాలు, ఆగి తన అందం చూసుకున్నాడు.

మొదట కొమ్మలు నరికాడు. చకచకా తెగాయి. తర్వాత మానుకు అడ్డంగా కొట్టాడు. పేళ్లు లేచి తన ముక్కుకే తగిలాయి. పొద్దువాలేసరికి ఎలాగో ఒక మొద్దు విడదీసి, దాన్ని చీల్చాలని బలమంతా పెట్టి ఒక్కటేశాడు. గొడ్డలి దిగబడిపోయింది. లాగాడు. తన్నాడు. బతిమాలాడు. అది రాలేదు.

మర్నాడు పొద్దున్నే మంచు గుహలోకి వచ్చేసింది. చిన్నది తుమ్మింది. పెద్దది వణుకుతూ తల్లి పొట్ట కిందికి దూరింది.

"ఏమయ్యా, కొమ్మలన్నీ తెల్లారేసరికి బూడిదయ్యాయి," అంది తేనమ్మ. "ఇక నీ కండలు పొయ్యిలో పెట్టనా, ఈరన్న దగ్గరికి వెళతావా?"

గుబురయ్య గొడ్డలితో సహా మొద్దును నెత్తికెత్తుకుని పరుగెత్తాడు. ముక్క తెమ్మంటే చెట్టే తెచ్చావే అని ఈరన్న ముళ్లు నిక్కబొడుచుకునేలా నవ్వాడు. తర్వాత మొద్దును తట్టి చూశాడు.

"ఇది తుమ్మ, బావా. పలుచటి అంచును కరిచి వదలదు. అడ్డంగా కోయడానికి రంపం. చీల్చడానికి ఈ బుగ్గల గొడ్డలి. ఇదిగో, ఇక్కడ పగులుంది. దాని మీదే కొట్టు."

గుబురయ్య కొట్టాడు. మొద్దు ఫెళ్లున రెండుగా విచ్చుకుంది. ఇరుక్కున్న గొడ్డలి దానంతటదే కింద పడింది. రంపాన్నీ, పొట్టి గొడ్డలినీ అడిగి తీసుకుని, ఆ రోజంతా తలెత్తకుండా కట్టెలు చేశాడు.

పొయ్యి నిండుగా మండింది. ముడుచుకున్న పిల్లలు మెల్లగా కాళ్లు చాపారు, చేతులు చాపారు, పడకంతా వాళ్లే ఆక్రమించారు. పడుకోవడానికి చోటు లేక గుబురయ్య గుమ్మం దగ్గర కూర్చునే కునికాడు. వీపును చలి కొరుకుతున్నా, పిల్లల్ని జరపలేదు.

నీతి: పనిముట్టును ఎంచుకునేటప్పుడు మన గొప్పను కాదు, ముందున్న పనిని చూడాలి.