గోరుగల్లుతో కొలిచిన రాజ్యం

గువ్వలకొండ రాజు తిమ్మభూపాలుడికి ఆ ఏడు కొత్త బెంగ పట్టుకుంది. తన రాజ్యం కాళ్ల కింద నుంచి జరిగిపోతోందట.

కొండలెక్కి రాళ్లు ఏరుకునే పరదేశి ఒకాయన కొలువుకొచ్చాడు. మన నేలంతా ఒక్కటే బండపలక అనీ, అది ఉత్తరానికి జరిగి జరిగి అవతలి పలకను గుద్దుకుంటేనే హిమాలయాలు పైకి లేచాయనీ, ఇంకా జరుగుతూనే ఉందనీ చెప్పి, సుష్టుగా భోంచేసి విడిదిలో పడుకున్నాడు.

నిద్ర పట్టనిది రాజుకే. ఉత్తరాన ఉన్నది మామగారి రాజ్యం. కోటతో సహా వెళ్లి అందులో పడితే, లోకం తనని ఇల్లరికపుటల్లుడు అనదూ?

ఆస్థాన పండితుడు భైరవావధానులు శాలువా సర్దుకున్నాడు. రాజ్యాన్ని దక్షిణపు కొండకి మోకులతో కట్టేస్తే సరి, స్తంభన మంత్రం తాను చూసుకుంటానన్నాడు. ఆ కొండా రాజ్యంలోదే కదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మోకులు మాత్రం మనిషి వెంట్రుకలతో పేనాలట. రాణిగారి జడతో మొదలుపెట్టి, పదిహేను రోజుల్లో తలలన్నీ గొరగాలట.

గొరగవలసినవాడు ఆస్థాన మంగలి పోచెయ్య. ఉన్నది ఒక్క కత్తి. గడువు దాటితే కొలువు ఊడుతుంది. రాణిగారి జడ ముట్టుకుంటే పీకే ఊడుతుంది. "పోనీలే, ఒక తల తగ్గింది," అని తన బట్టతల తడుముకున్నాడు. చాలాకాలం ఆ తల మీదే పని నేర్చుకున్నాడు పాపం, అక్కడిక మొలవడానికి ఏదీ సాహసించలేదు.

మర్నాడు పరదేశికి గడ్డం గీస్తూ, నేల ఎంత జోరుగా పోతోందని అడిగాడు. ఆయన చెయ్యి చాపి, గోరు పెరిగినంత జోరుగా అన్నాడు.

పోచెయ్య తిన్నగా కొలువుకెళ్లి ఆ మాటే చెప్పాడు. అవధానులుగారు ముందు తన చిటికెనవేలి గోరు పెరక్కుండా ఆపి చూపిస్తే, ఆనక తలలు గొరుగుతానని విన్నవించుకున్నాడు.

"భూమినాపేవాడికి గోరొక లెక్కట్రా?" అన్నాడు అవధానులు.

పోచెయ్య ఆ గోరు అప్పటికప్పుడు కురచగా తీసేశాడు, గడువు తలల మీంచి గోటి మీదికి మారింది. అవధానులు వేలికి దారం చుట్టాడు. మంత్రం వేశాడు. తిండి అందకపోతే పెరగదని ఆ వేలిని అన్నం ముట్టనివ్వలేదు. చివరికి తిట్టాడు కూడా.

పదహారోనాడు నిండు కొలువులో పోచెయ్య ఆ వేలికి గోరుగల్లు పెట్టి టక్కున కత్తిరించాడు. ముక్క ఎగిరి రాజుగారి ఒళ్లో పడింది.

"రాజ్యం జరిగింది ఇంతే, ప్రభూ. దీనికి రాణిగారి జడ కావాలా?"

రాజు ఆ ముక్కని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. మొహం విప్పారింది, మళ్లీ ముడుచుకుంది. ఎంత చిన్నదైనా మామగారి వైపే కదా అని గొణిగాడు.

"ఆయన కోటా ఈ పలక మీదే ఉంది, ప్రభూ. తమరు ఎంత దగ్గరికి జరిగితే, ఆయన అంత దూరం జరుగుతారు."

ముందు తెర వెనక రాణిగారు నవ్వింది. ఆ తరవాత రాజు, ఆయన్ని చూసి కొలువంతా. అవధానులు వేలు శాలువాలో దాచుకున్నాడు. రాజు ముంజేతి కడియం తీసి పోచెయ్యకి తొడిగితే, రాణిగారు తన జడబిళ్ల ఊడదీసి పోచెయ్య పెళ్లానికి పంపింది.